దంపుడు మిల్లు పక్కింట్లో హరికథ

నల్లపాడు స్టేషన్ దగ్గర ఏసోబుకి ఆంప్లిఫయర్లు బాగుచేసే కొట్టుంది. కొట్టంటే రేకుల గది, ఒక బల్ల, అంతే. ఆ పని ఎవరూ నేర్పలేదు. ఒకప్పుడు చర్చిలో ఆంప్లిఫయర్ కాలిపోతే పాస్టరు గారు, "ఎటూ పోయిందేగా, విప్పి చూడు" అన్నారట. అప్పటి నుంచి విప్పుతూనే ఉన్నాడు. ఇప్పుడు వయసు యాభై దాటింది. జబ్బేమిటో మనం చెబితే వింటాడు గానీ నమ్మడు. ముందు చెయ్యి ఆనించి చూస్తాడు. నేను పక్క కొట్లో మోటార్లు చుడతాను కాబట్టి ఇది రోజూ చూసేదే.

పోయిన వేసవిలో అనంతపద్మనాభం మాస్టారు ఆటో దిగారు. గుంటూరులో సంస్కృతం చెప్పి రిటైరయ్యారు. ఆయన తండ్రి హరికథలు చెప్పేవారు. మాస్టారికి తొమ్మిదేళ్లప్పుడే పోయారు. ఆయన గొంతున్న రికార్డు ఒక్కటంటే ఒక్కటి ఈమధ్య ఒక బంధువు అటక మీద దొరికింది. మాస్టారు దానికోసం రికార్డ్ ప్లేయర్ కొన్నారు. ఆయన ఇంటి పక్కనే యలమందయ్య దంపుడు కారం మిల్లు. పచ్చళ్ల సీజన్లో పన్నెండు ఇనప రోకళ్లు రాత్రీ పగలూ ఆగవు.

"రోకలి పడ్డప్పుడల్లా ముల్లు ఎగురుతోందయ్యా. ఎగిరిన చోటల్లా ఒక గీత. ఇంకో నాలుగు గీతలు పడితే మా నాన్నగారు లేనట్టే."

"ఫోన్లో ఎక్కించుకోరాదాండీ?" అన్నాడు ఏసోబు.

"ఎక్కించాలన్నా ఒక్కసారైనా ఎగరకుండా పాడాలిగా! పోనీ నీ కొట్లో వేద్దామా?"

అప్పుడే గూడ్సు బండి వెళ్లింది. బల్ల మీది స్క్రూలన్నీ గునగునా నడిచి కింద పడ్డాయి.

ఏసోబు నన్ను కూడా తీసుకుని వాళ్లింటికి వెళ్లాడు. హాల్లో ప్లేయర్ కింద సిమెంటు దిమ్మె ఉంది.

"గట్టిగా ఉంటే కదలదని మేస్త్రీ చేత కట్టించాను" అన్నారు మాస్టారు గర్వంగా.

ఏసోబు దిమ్మె మీద అరచెయ్యి ఆనించాడు. "మీరు దీన్ని తీసుకెళ్లి నేలలో పాతారండీ. నేల అదిరితే ఇదీ అదురుద్ది. దీనికీ నేలకీ పొత్తు తెంపాలి."

సాయంత్రానికి పాత స్కూటర్ ట్యూబు, బరువైన నాపరాయి వచ్చాయి. మాస్టారి భార్య రాజరాజేశ్వరి గారు గుమ్మంలోంచి చూశారు.

"పూజగది ఎదురుగా స్కూటర్ ట్యూబేమిటండీ?"

"కడిగానండీ అమ్మగారూ, రెండుసార్లు."

ట్యూబు నేలమీద పరిచి గాలి కొట్టి, పైన రాయి వేసి, రాయి మీద గ్లాసుడు నీళ్లు పెట్టాడు. రోకలి పడింది. నీళ్లు వణికాయి. గాలి తీశాడు. ఈసారి రాయి ఒకవైపు నేలకి తగిలింది. మళ్లీ కొట్టాడు, మళ్లీ తీశాడు. గంటసేపు అదే పని. చివరికి రోకళ్లు పడుతున్నా గ్లాసులో నీళ్లు పేరిన నెయ్యిలా నిలిచాయి. అప్పుడు ప్లేయర్ పెట్టి, మట్టం చూసి, "వెయ్యండి" అన్నాడు. నన్నేమో ఫోన్లో రికార్డు చెయ్యమన్నాడు.

రుక్మిణీ కల్యాణం మొదలైంది. ముల్లు ఎగరలేదు. కానీ స్పీకర్లోంచి ధన్, ధన్ అని దెబ్బలు.

"ఇంకా వస్తూనే ఉందిగదయ్యా" అని గొణిగారు మాస్టారు, ముఖం వాడిపోయి.

ఏసోబు గ్లాసు చూశాడు. రాయి మీద చెయ్యి పెట్టాడు. తర్వాత స్పీకరుకి చెవి ఆనించాడు.

"మాస్టారూ, మిల్లుకి గజ్జెలెవరు కట్టారండీ?" అన్నాడు మెల్లగా.

విన్నాం. ప్రతి ధన్ వెనకా ఘల్లుమంటోంది. మాస్టారు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"నాన్నగారు కాలు వేస్తున్నారు" అన్నారు.

రుక్మిణి కృష్ణుడికి ఉత్తరం రాస్తుండగా తలుపు భళ్లున తెరుచుకుంది.

"పంతులు గారూ! మా రోకలేమైనా ఊడి మీ ఇంట్లో పడిందా? దెబ్బ ఒకటి ఎక్కువ వినపడతాంది!"

యలమందయ్య. ఒళ్లంతా కారం. ఆ వెంటనే రాజరాజేశ్వరి గారి తుమ్ము.

ఏసోబు నోటిమీద వేలు పెట్టేసరికే అంతా నా ఫోన్లోకి వెళ్లిపోయింది. రికార్డు అయిపోయాక, "మళ్లీ మొదట్నుంచి వేద్దామా?" అనడిగాను.

"వద్దు. మళ్లీ ముల్లు పెట్టి ఇంకో గీత పడనివ్వను. ఇంతే చాలు" అని రికార్డుని గుడ్డలో చుట్టేశారు మాస్టారు.

అదే బంధువులందరికీ పంపారు. మర్నాడు బాపట్ల నుంచి చెల్లెలు రాగసుధ గారు ఫోన్ చేశారట.

"అన్నయ్యా, నాన్నగారు అచ్చం ఎదురుగా ఉన్నట్టే ఉంది. మధ్యలో ఆ రోకలి మాట అన్నదెవరు? కృష్ణుడి వైపా, రుక్మిణి వైపా?"