అన్నయ్య కారుకి నేను వేసిన అతుకు

మొన్న మా అన్నయ్య కొడుకు, తన కారు ఎంత తొక్కినా లాగడం లేదని, నన్ను కూడా వెంటబెట్టుకుని నెహ్రూ నగర్‌లో ఒక పెద్ద గరాజుకి వెళ్ళాడు. అక్కడి మెకానిక్కు, చొక్కా మీద మరకైనా లేని మనిషి, స్టీరింగు కింద చిన్న యంత్రం ఒకటి తగిలించి, కాసేపు దాని తెర చూసి, బానెట్టు ఎత్తకుండానే, పొగ బయటికి పోయే దారి మూసుకుపోయిందని చెప్పేశాడు. మావాడు ఇంతేనా అని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. నేను మాత్రం పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను.

తొంభైలలో నేను భిలాయి ఉక్కు ప్లాంటులో వెల్డర్ని. విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ప్లాంటు క్వార్టర్లుండే సెక్టార్లలో కుదురుకున్న మన కుటుంబాలలో ప్లాంటు మనిషి మాటకి ఎంత చెలామణీ ఉండేదో నా ఈడు వాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు. బక్కెట్టు చెవి ఊడినా, మంచం కోడు విరిగినా, ఆఖరికి గోడగడియారం ఆగినా మమ్మల్నే పిలిచేవారు. బయటి మిస్త్రీ ఎంత పనిమంతుడైనా అతని మాట మా మాట తరవాతే. మా అన్నయ్యకి ఆ ప్లాంటు ఉద్యోగం రాలేదు. ఎన్నో చేతులు మారిన పాత కారొకటి కొనుక్కుని, మనవాళ్ళని దుర్గ్ స్టేషనుకీ, రాయపూర్ ఆసుపత్రులకీ తిప్పుతూ, వదిననీ పిల్లవాణ్ణీ పోషించేవాడు. కిలోమీటర్ల మీటరు పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ సున్నా నుంచి మొదలైన బండి అది. అయినా వాళ్ళ ముగ్గురి తిండీ దాని మీదే.

ఒక వానాకాలం దాని సైలెన్సరు తుప్పుపట్టి చిల్లుపడితే, కొత్తది ఎందుకు దండగ, నేనున్నాను కదా అని ఇంటి వెనకే అతుకు వేసి ఇచ్చాను. నిజంగా అందమైన అతుకు. అన్నయ్య దాన్ని వచ్చినవాళ్ళందరికీ వంగి మరీ చూపించేవాడు.

ఆ తరవాత కొన్ని నెలలకి బండి నీరసించడం మొదలైంది. స్టార్టయ్యేది, సమంగా ఉన్న రోడ్డు మీద మెల్లగా నడిచేది, ఓవర్‌బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి మాత్రం సగం ఎక్కి మొరాయించేది. ప్రయాణికులు దిగి నడిచేవారు. ప్లగ్గులు మార్చాం, కార్బురేటరు కడిగాం, పెట్రోలు గొట్టాలు ఊదాం, ఏమీ లాభం లేకపోయింది. ఒకరికి రైలు తప్పిపోయిందన్న సంగతి సెక్టారంతా పాకి, పిలిచేవాళ్ళు తగ్గిపోయారు.

రుఆబాంధాలో రోడ్డు పక్క పనిచేసే ఒక ఛత్తీస్‌గఢీ ముసలి మిస్త్రీకి చూపిస్తే, అన్నయ్య చేత ఇంజను గట్టిగా తొక్కించి, వెనక గొట్టం దగ్గర అరచెయ్యి పెట్టి చూసి, గాలి జోరుగా రావడం లేదన్నాడు. "సైలెన్సర్ ఖోల్ కే దేఖో భయ్యా" అని, సైలెన్సరు విప్పి చూడమన్నాడు, నా అతుకు వైపు చూస్తూ. నాలుగు బోల్టులు విప్పితే తేలిపోయే విషయం. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. ప్లాంటు వెల్డరు పని మీద చెట్టుకింద మిస్త్రీ వేలు పెట్టడమా అని, బండి అక్కణ్ణించి తీయించేశాను.

మర్నాడు నేనే ప్లగ్గులు విప్పి, గేజీ పెట్టి, ఒక్కొక్క సిలిండరులో ఒత్తిడి చూశాను. మూడింటిలో బాగానే ఉంది, ఒకదానిలో కాస్త తక్కువ. అంత తిరిగిన బండికి ఆ మాత్రం తక్కువ ఉండడం మామూలేనని నాకు తెలుసు. తెలిసి కూడా ఆ కాస్తనే పట్టుకుని, రింగులు పోయాయి, ఇంజను అయిపోయింది, ఇంక దీని మీద ఏమీ పెట్టకు అని తేల్చేశాను. అన్నయ్య ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. "నువ్వు సెప్పినావంటే ఇంకేటుందిరా" అన్నాడు. ఆ వారమే బండి పాత ఇనుము కొనే కబాడీవాడికి ఇచ్చేసి, ఒక ప్రైవేటు మిల్లులో కొలిమి దగ్గర కాంట్రాక్టు కూలీగా చేరాడు.

రెండు నెలలు తిరక్కుండా అదే కారు, నిండా మనుషులతో, ఓవర్‌బ్రిడ్జి అవలీలగా ఎక్కిపోవడం చూశాను. సైకిలు తిప్పుకుని తిన్నగా రుఆబాంధా వెళ్ళాను. ముసలి మిస్త్రీ, కబాడీవాడి దగ్గర బండి కొన్నవాడు తన చేతే మార్పించిన పాత సైలెన్సరుని కొట్టు వెనక నుంచి తెచ్చి, కోసిన వైపు నాకు తిప్పాడు. నా అతుకు చెక్కుచెదరలేదు. లోపలి పల్చటి రేకులు కాలి, విరిగి, దారికి అడ్డంపడి ఉన్నాయి. ప్లాంటులో మందపాటి ప్లేట్లకి పెట్టే కరెంటే ఈ రేకుకీ పెట్టాను. చేయి ఒకే వేడికి అలవాటుపడిపోయింది. అతను టీ తెప్పించాడు గాని, నేను తాగకుండానే సైకిలెక్కాను.

చెప్పేద్దామనే అన్నయ్య ఇంటికి వెళ్ళాను. అప్పుడే డ్యూటీ దిగి, బొబ్బలెక్కిన చేతులు బక్కెట్టు నీళ్ళలో ముంచుకుని అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూసి, పక్కింటాయనతో, మా తమ్ముడు చూసి చెప్పబట్టి బతికిపోయాను, లేకపోతే ఆ చచ్చిన ఇంజనులో ఇంకెంత పోసేవాణ్ణోనని నవ్వుతూ అన్నాడు. నేను ఇంకో చెంబు నీళ్ళు తెచ్చి ఆ బక్కెట్టులో పోశాను. ఆనాడు చెప్పనిది ఆ తరవాత ఏనాడూ చెప్పలేకపోయాను. ఆ కొలిమి పొగ ఆరేళ్ళలో అతని ఊపిరితిత్తులు తినేసింది. ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మెట్లు నాలుగెక్కి ఆగి రొప్పుతుంటే, నేను జబ్బ పట్టుకుని నిలబడ్డాను.

గరాజులో మావాడు నా పక్కన కూర్చుని, యంత్రం దేనికి చిన్నాన్నా, నువ్వు చూస్తే ముందే చెప్పేసేవాడివి, నాన్న ఎప్పుడూ అనేవారు అన్నాడు. ఇప్పుడు సెక్టార్లలో ప్లాంటు మనిషిని ఎవరూ ఏదీ అడగరు. మా రోజులు పోయాయని నా ఈడు వాళ్ళు బాధపడుతుంటారు, నాకు అది మంచికే జరిగిందనిపిస్తుంది. ఆ యంత్రానికి అతుకు ఎవరు వేశారో తెలియదు, అందుకే ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. కాని అన్నయ్య ఉండి ఉంటే దాని మాట నమ్మేవాడు కాదు, నా మొహం వైపే చూసేవాడు.