ఎడిన్‌బరో నుంచి కుప్పానికి పదకొండు బొమ్మలు

మదనపల్లెలో ఇరవై రెండేళ్ళు డ్రాయింగ్ టీచర్‌గా పనిచేశాక, ఈ వేసవిలో మొదటిసారి విదేశం వెళ్ళాను. అచ్చులో చూసిన బొమ్మల్ని గోడ మీద చూడాలన్నది నా కోరిక. ఉదయం ఐదున్నర బస్సుకు బయల్దేరి, బెంగళూరులో విమానం ఎక్కాను. లండన్‌లో ఆరు రోజులు ప్రదర్శనలు తిరిగేసరికి కాళ్ళు వాచాయి. కొన్న పుస్తకాలతో పెట్టె బరువెక్కింది.

ఏడో రోజు పొద్దున ఏడింటి రైల్లో ఎడిన్‌బరో వెళ్ళాను. పదకొండున్నరకు దిగి, స్టేషన్లోనే రొట్టె, గుడ్డు తిని, దగ్గర్లోని చిన్న గ్యాలరీకి నడిచాను. టికెట్ లేదు. ఒకప్పుడు మన దేశంలో పనిచేసిన ఆ ఊరి నర్సుల జ్ఞాపకాలను అక్కడ ప్రదర్శనకు పెట్టారు. చివరి గదిలో పదకొండు పెన్సిల్ బొమ్మలున్నాయి. మా మదనపల్లె వైపు క్షయ ఆస్పత్రి రోగులవి. మూడో బొమ్మ ముందు నిలబడిపోయాను.

అది మా అమ్మ అక్క, సుగుణమ్మ పెద్దమ్మ. బొమ్మలో పందొమ్మిది, ఇరవయ్యేళ్ళ పిల్ల. ఆమెకు క్షయ వచ్చిందని మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ అనలేదు. కుడి చెంపన ఉండాల్సిన పుట్టుమచ్చ బొమ్మలో ఎడమ చెంపన ఉంది. అయినా ముఖం ఆమెదే. కింద 'నర్సు గీసినది, రోగి పేరు తెలియదు' అని రాసి ఉంది.

నా వాలకం చూసి కాపలా ఉన్న ముసలావిడ కుర్చీ తెచ్చింది. "ఈమె మా పెద్దమ్మ. కుప్పంలో ఉంటుంది," అన్నాను.

"బతికే ఉన్నారా!" అంటూ ఆ కుర్చీలో ఆవిడే కూలబడింది.

ఆ ప్రదర్శన పుస్తకం కొనుక్కుని, మిగతా ఊళ్ళు మానుకుని తిరిగొచ్చాను.

ఇంటికొచ్చిన మర్నాడు ఆరుంబావుకు బస్సెక్కాను. పుంగనూరులో ఇడ్లీ తిని కుప్పం బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో పెద్దపంజాణి రైతు ఒకాయన నా ఒళ్ళోని పుస్తకంలోకి తొంగి చూశాడు.

"ఏందమ్మా, పెండ్లి ఆల్బమా?"

"కాదన్నా, బొమ్మల పుస్తకం," అని ఆ పేజీ చూపించాను.

"యెంత గట్టిగా సూస్తాండాదో సూడు ఆ పాప!" అన్నాడు.

పదకొండింటికి కుప్పం చేరాను. పెద్దమ్మకు డెబ్బై ఎనిమిదేళ్ళు. జాకెట్టుకు హుక్సులు కుడుతూ ఉంది. ఆ పేజీ తెరవగానే సూది ఆగిపోయింది.

"యాడ దొరికిందే ఇది?"

"నర్సు గీసిన నీ బొమ్మ పెద్దమ్మా."

"ఆయమ్మ యాల గీస్తాది? అద్దంలో సూసుకోని నేనే గీసుకుంటి," అని మిగతా పేజీలు తిప్పింది. "ఇవన్నీ నేను గీసినవే. జ్వరం చార్టుల ఎనకాల గీసినా."

మళ్ళీ ఆ చెంప వైపు చూశాను. అద్దం! మచ్చ పక్క మారింది అందుకే. డ్రాయింగ్ టీచర్నయి ఉండి నాకు తట్టలేదు.

"మరి నర్సు గీసిందని రాశారే?"

"ఆయమ్మ దొంగ కాదు. నేను ఇంటికొచ్చేటప్పుడు గుర్తుగా ఇచ్చినా. ఆయమ్మ పోయినాక ఎవరో అట్ల రాసింటారు."

"మాకెందుకు చెప్పలేదు?"

"జబ్బు సంగతి తెలిస్తే మీ అమ్మకి సంబంధం రాదని మా నాయన ఒట్టేయించుకున్యాడు. బొమ్మల మాటెత్తితే ఆస్పత్రి మాట ఎత్తల్ల గదా!"

గ్యాలరీకి ఉత్తరం రాసి ఆమె పేరు పెట్టిస్తానన్నాను.

"నా పేరు తర్వాత. ముందు వీళ్ళవి రాయి," అని మొదటి పేజీకి తిప్పింది. "సోమల రత్నమ్మ. వి.కోట మునెప్ప..." ఆమె ఒక్కో ముఖం మీద వేలు పెట్టి చెబుతుంటే నేను పెన్సిల్‌తో కింద రాశాను. పదకొండో బొమ్మ దగ్గర ఆగి అంది: "ఇందర్లో బతికి ఇండ్లకి పోయింది ఇద్దరమే."

ఆఖరి పేరు కూడా రాశాను.

పేజీలన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకుని, పుస్తకం ఆమెకే వదిలేసి మూడున్నర బస్సెక్కాను. బస్సు వి.కోట దాటేలోపే ఫోన్‌లోంచే గ్యాలరీకి పేర్లన్నీ రాసి పంపించాను. పుంగనూరు వచ్చినా ఆ దిగ్భ్రమ తగ్గలేదు. నా నలభయ్యారేళ్ళ జీవితంలో ప్రతి వేసవీ ఆమె చేతి అన్నం తిన్నాను. వేలమంది పిల్లల చేతికి పెన్సిల్ ఇచ్చాను. ఆమె చేతికి ఒక్కసారీ ఇవ్వలేదు.