మొగని పేరు తియ్యని లక్ష్మవ్వ ఇంగ్లీషు

కాశమ్మ చదివింది రెండో తరగతి. అదీ పంతులు కొట్టాడని, పలకను ఆయన ముందరే పగలగొట్టి ఇంటికొచ్చిన చదువు. అయినా ఆమె గర్వానికేం తక్కువ లేదు. నారాయణఖేడ్ బస్సు డిపో దగ్గర జొన్న రొట్టెలు కాల్చి అమ్మి, ఒంటి చేత్తో కొడుకు మొగులప్పను పెంచి దర్జీని చేసింది. పది దాకా చదివిన పిల్లను ఏరి మరీ కోడలిగా తెచ్చుకుంది. "వంటొచ్చినోళ్లు ఊరంత ఉన్నరు. ఉత్తరం చదివే కోడలు ఎవలింట్ల ఉన్నది?" అని అడిగేది, అడగనివాళ్లను కూడా.

ఆ కోడలు లక్ష్మవ్వకు పదో తరగతిలో ఇంగ్లీషు ఒక్కటే మిగిలింది. రెండుసార్లు రాసి తప్పింది. ఎనభై నాలుగులో వాడకు బాలవాడి, అంటే చిన్నపిల్లల బడి, వచ్చింది. నడిపేందుకు పది పాసైన ఆడమనిషి కావాలన్నారు. ఈ మార్చిలోనూ తప్పితే ఆ పని ఇంకొకరిది. కాశమ్మ ఊరుకుంటుందా? జహీరాబాదు నుంచి వచ్చి పక్కింట్లో దిగిన అహరోను సారును పట్టుకుంది. రోజూ సాయంత్రం అరుగు మీద పాఠం, పాఠానికి రెండు రొట్టెలు, ఇంత పుంటికూర.

సారు మంచివాడే, కాకపోతే అన్నీ తెలుసనుకునే రకం. రెండు వాక్యాలను ఒకటిగా కలిపే పాఠం వచ్చింది. మనిషైతే 'హూ' పెట్టి కలపాలి, వస్తువో పశువో అయితే 'విచ్', ఫలానావాడిది అనాలంటే 'హూజ్'. సులువుగా ఉంటుందని పది ప్రశ్నలూ ఇంటి మనిషి మీదే రాసిచ్చాడు. మొగులప్ప బట్టలు కుడతాడు. మొగులప్ప మిషను చప్పుడు చేస్తుంది. అన్నిటా మొగులప్పే.

మర్నాడు చూస్తే పదీ ఖాళీ. చదవమంటే లక్ష్మవ్వ తల వంచుకుని కొంగు నలిపింది. మూడు రోజులు అదే తంతు. నాలుగో రోజు సారు పుస్తకం మూసేశాడు.

"అమ్మా, ఈమెతోని కాదు. వచ్చే ఏడు చూద్దాం."

జొన్నలు చెరుగుతున్న కాశమ్మ చేతిలో చాట ఆగింది. "వచ్చే ఏడు దాంక బాలవాడిని నీ తాత ఆపుతడా? ఏం అడిగినవో నాకు చదువు."

సారు చదివాడు. ఇంగ్లీషు అర్థం కాకపోయినా, ప్రతి ముక్కలో కొడుకు పేరు వినబడింది. కాశమ్మ చాట కింద పెట్టి కడుపు పట్టుకుని నవ్వింది.

"ఓ సదువుకున్న సారూ! ఆడిది మొగని పేరు తీస్తదా? పెండ్లినాడు నలుగురు పట్టుపడితే ఒక్కసారి చెప్పింది, ఇగ అయిపాయె. నువ్వు పదిసార్లు చెప్పమంటివి!"

"రాసినా తప్పేనా?"

"రాసినా కూసినా ఒక్కటే."

"మరి ఎవరన్నా అడిగితే ఎట్ల చెప్తరు?"

"ఎట్లేంది? బట్టలు కుట్టేటాయన. సైకిలుకు గంట లేనాయన. నలభై ఏండ్ల సంది మా ఇంటాయనను నేను గట్లనే చెప్పుకొస్తలేనా!"

సారుకు అప్పుడు తట్టింది. తాను మూడు రోజులు నేర్పలేని పాఠం ఈ వాడ ఆడవాళ్లకు తాళి పడ్డనాడే వచ్చేస్తుంది. నోటుబుక్కులో మొగులప్పలందరినీ కొట్టేశాడు.

"లక్ష్మవ్వా, పేరు లేకుండ చెప్పు. మీ ఇంటాయన ఎవరు? ఇంగ్లీషుల."

లక్ష్మవ్వ తల ఎత్తింది. "ద మ్యాన్ హూ స్టిచెస్ క్లోత్స్." కాస్త ఆగి, "ద మ్యాన్ హూజ్ సైకిల్ హ్యాజ్ నో బెల్" అంది. ఇక ఆగలేదు. "ద మిషిన్ విచ్ మేక్స్ నాయిజ్..."

లోపల మిషను చప్పుడు ఆగిపోయింది. "నన్ను తిడుతున్నరా ఏంది?" అన్నాడు మొగులప్ప.

"పొగుడుతున్నది. నువ్వు కుట్టు!" అంది కాశమ్మ.

ఆ మార్చిలో లక్ష్మవ్వ పాసైంది. బాలవాడి కాగితాలు రాస్తున్న గుమాస్తా తల ఎత్తకుండానే, "భర్త పేరు?" అన్నాడు. లక్ష్మవ్వ అత్త వైపు చూసింది. కాశమ్మ కొంగు సర్దుకుని ముందుకు జరిగింది.

"మొగులప్ప. కన్నదాన్ని నేను, చెప్పేదాన్ని నేనే. పెద్దగ రాస్కో."