అక్క అరచేతిలో మంద గుర్తు

రేపు మా అక్క నిశ్చితార్థం. గోరింటాకు పెట్టే ఆవిడ ఈ రోజు మధ్యాహ్నం ఫోన్ చేసి రానన్నది. అక్క ఏడుపు లంకించుకుంది. అమ్మ వెంటనే కిటికీలోంచి వాచ్‌మన్‌కు తన మరాఠీలో ఆజ్ఞ జారీ చేసింది: "మేంఢీ ఆమెను పంపు!"

పాఠకులకు మనవి. మరాఠీలో మేందీ అంటే గోరింటాకు, మేంఢీ అంటే గొర్రె. ముప్పై ఏళ్లు భివండీలో ఉన్నా అమ్మ నాలుక ఈ తేడాను గుర్తించలేదు.

వాచ్‌మన్ గుర్తించాడు. వానలు తగ్గాక ఏటా మందలతో వచ్చి, మా కాల్హేర్ గోదాముల వెనక గుడారాలు వేసుకునే ధన్‌గర్ కాపరులున్నారు. వాళ్లలో ఒకావిడ అరగంటలో గొర్రెతో సహా మూడో అంతస్తు ఎక్కి వచ్చింది.

"గీమె గొర్రెనెందుకు తోల్కొచ్చిందిరా?" అంది అమ్మ.

"నువ్వు పిలిచింది గొర్రెనే అమ్మా. ఆమెనే తోడొచ్చింది."

సంగతి మరాఠీలో చెప్పగానే ఆవిడ నవ్వు ఆపుకోలేక గుమ్మంలోనే కూలబడింది. అక్క ముఖం చూసి నవ్వాపి, మేం ముందే కొనిపెట్టిన గోరింటాకు కోన్ అందుకుంది. రెండు అరచేతుల్లోనూ రెండేసి సున్నాలు, అడ్డంగా ఒక గీత పెట్టింది.

"మా గొర్రెలకు పెట్టే గుర్తు ఇదే. ఇక ఏ మందలో కలిసినా నువ్వెవరి పిల్లవో తెలుస్తుంది" అన్నది.

రేపు కాబోయే బావ ఇదేం డిజైనని అడిగితే ఏం చెప్పాలో దయచేసి సలహా ఇవ్వండి. చెరిపేద్దామంటే అక్క ఒప్పుకోవడం లేదు. చెయ్యి కదిపితే చెదురుతుందని మంచినీళ్లు కూడా నాతోనే తాగించుకుంటోంది.