షెర్రీకి తగని నాలుక

ఎదుటివాడి చేతిలోని గ్లాసును చూసి ఈసడించుకోకుండా జ్ఞానరాజు గారు ఒక్క విందులోనూ భోజనం చేసి ఎరగరు. లండన్ శివారు హౌన్స్‌లోలో మా తెలుగువాళ్ల ఇళ్లలో ఏ వేడుక జరిగినా ఆయన రావలసిందే, ఎవరిదో ఒకరి గ్లాసు వైపు చూసి ముక్కు చిట్లించవలసిందే. ఆయన లెక్కలో షెర్రీ అనే స్పెయిన్ వైన్ తప్ప తక్కినవన్నీ మొక్కలకు పోయదగ్గ నీళ్లు. షెర్రీ తాగడం తెలిసినవాడు మా పేట మొత్తానికి ఒక్కడే. ఆ ఒక్కడి పేరు చెప్పుకోవడానికి ఆయనకు ఏ మొహమాటమూ ఉండేది కాదు.

సొంతూరు తెనాలి దగ్గర. హీత్రూ విమానాశ్రయంలో ఒక డ్యూటీ ఫ్రీ దుకాణంలో మద్యం విభాగం చూసేవారు. కంపెనీవాళ్లు ఒకసారి స్పెయిన్ పంపి షెర్రీ పీపాలు చూపించారు. వెళ్లిన మనిషి వేరు, తిరిగొచ్చిన మనిషి వేరు అని ఆయన భార్య సలోమి గారు అనేవారు. ఆవిడ నర్సు, మందు చుక్క ముట్టరు. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెను గెంటేసి ఆ చోట సీసా నిలబెట్టిన మొగుణ్ణి ఆవిడ ఎలా భరించారో నాకు ఇప్పటికీ తెలియదు.

లండన్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది మేం కొత్త ఫ్లాట్‌లోకి మారాం. ఆయన మాకు కొత్త. షెర్రీ ఇష్టమని విని, సూపర్‌మార్కెట్‌లో దొరికిన తియ్యటి క్రీమ్ షెర్రీ ఒకటి కొని గర్వంగా ముందు పెట్టాను. ఆయన సీసాను చూపుడువేలితో దూరంగా నెట్టారు.

"దీన్ని కేకులో పోయండి. పోసిన సంగతి తినేవాళ్లకి చెప్పకండి" అన్నారు.

ఆ వెంటనే పాఠం. షెర్రీ అంటే ద్రాక్ష స్పిరిట్ కలిపి బలం పెంచిన వైన్. పీపాలో దాని మీద ఈస్టు మీగడలా కట్టి గాలి తగలనివ్వకపోతే అది ఫీనో అవుతుంది. ఎండుగడ్డి రంగు, పచ్చి బాదం వాసన, తీపి ఊసే ఉండదు. మీగడ లేకుండా గాలికి ముదిరితే ఒలరోసో, వాల్‌నట్ రంగు, వాల్‌నట్ వాసన. కొన్నాళ్లు మీగడ కింద, కొన్నాళ్లు గాలిలో పెరిగితే అమోంటియాడో. ద్రాక్షను ఎండబెట్టి చేసేది పేద్రో హిమేనెస్, బెల్లం పాకంలా గ్లాసు అంచున జారుతుంది. నేను శ్రద్ధగా తల ఊపాను. మీకేమీ అర్థం కాలేదు, బాధపడకండి, ఎవరికీ కాదు అని ఆయన నన్ను ఓదార్చారు.

తర్వాత సంచీలోంచి తన చల్లటి ఫీనో తీసి, నాకు మందుసీసా మూతలో పట్టేంత పోశారు. మొదటి గుక్కకి మొహం ముడుచుకుపోయింది. చేప వేపుడు ముక్క నమిలి మళ్లీ చప్పరిస్తే సముద్రపు గాలి తగిలినట్టయింది. బాగుందన్నాను. అలా అనడానికి మీకింకా అర్హత రాలేదన్నారు.

ఎవరినీ వదిలేవారు కాదు. ఎమ్మెస్ చదవడానికొచ్చిన చక్రి ఒకసారి ఒలరోసోలో కోక్ కలిపాడు. ఆయన కోటు తొడుక్కుని, ఆ గ్లాసు ఖాళీ అయ్యేవరకు లోపలికి రానని వెళ్లి తోటలో సన్నటి వానలో నిలబడ్డారు. చక్రి హడలిపోయి ఒక్క గుక్కలో మింగేశాడు. అది రెండో నేరమైంది.

ఇవన్నీ నవ్వుకున్నాం. కానీ వెంకటాచలం విషయంలో ఆయన తీరు నాకు మింగుడుపడలేదు. వెంకటాచలం నా ఆఫీసు స్నేహితుడు, నోట్లో నాలుక లేని మనిషి. ఎవరు అతని చేతికి గ్లాసు ఇవ్వబోయినా జ్ఞానరాజు గారు ఎక్కడినుంచో ఊడిపడి లాక్కునేవారు. ఇతని నాలుక చెప్పు అట్టలాంటిది, వినిగరుకీ ఫీనోకీ తేడా తెలియదు, మామిడి రసం పోయండి చాలు అని నలుగురిలో దులిపేసేవారు. జనం నవ్వేవారు. వెంకటాచలం తలొంచుకుని మామిడి రసం తాగేవాడు.

అతని కూతురు అపూర్వ పుట్టినరోజు వెంబ్లీలో ఒక హాల్లో చేశారు. మధ్యాహ్నం భోజనాలు. మాంచెస్టర్ నుంచి వచ్చిన అతని బావమరిది రిషి విస్కీ గ్లాసు పట్టుకుని, ఒక్క పెగ్గేగా అని వెంటపడ్డాడు. జ్ఞానరాజు గారు వచ్చి గ్లాసు లాక్కున్నారు. ఈ మొహానికి విస్కీ కూడా ఎక్కువేనన్నారు. సొంత కూతురి పండగనాడు, భార్య నాగేశ్వరి ఎదుట. నాకు ఒళ్లు మండి వెంకటాచలాన్ని కారు పార్కులోకి లాక్కెళ్లాను. ఇంకెన్నాళ్లు పడతావు, ఈ రోజు ఆయన సంగతి నేను తేలుస్తానన్నాను.

వెంకటాచలం నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నేను మందు మానేశాను. మానకపోతే పిల్లని తీసుకుని వెళ్లిపోతానంది నాగేశ్వరి. ఆ సంగతి జ్ఞానరాజు గారొక్కరికే చెప్పుకున్నాను" అన్నాడు.

ఆ మాటే అందరికీ చెప్పొచ్చు కదా అన్నాను.

"మానేశానంటే, ఎందుకు మానేశావు, ఇవాళ ఒక్కటే కదా అంటారు. ఒక్కటి అన్నచోట నేను ఆగలేను. అర్హత లేనివాణ్ణంటే మాత్రం ఎవరూ బలవంతం చెయ్యరు. ఆయన తిట్టినప్పుడల్లా ప్రాణం లేచొస్తుంది నాకు."

ఇద్దరం హాల్లోకి వచ్చాం. జ్ఞానరాజు గారు బిర్యానీ వరసలో ఉన్నారు. ఈలోగా రిషి మరో గ్లాసుతో బావగారి వైపు బయలుదేరాడు. జ్ఞానరాజు గారు దూరంగా ఉన్నారు, నేను దగ్గరగా ఉన్నాను. అడ్డంగా వెళ్లి, నాకు తోచినట్టు, వెంకటాచలానికి తాగడం రాదని, అతనికి మంచి రుచులు అంతగా తెలియవని నసిగాను. రిషి అయోమయంగా చూసి గ్లాసు తనే తాగుతూ వెళ్లిపోయాడు. వెంకటాచలం పెదవి బిగబట్టి నవ్వు ఆపుకున్నాడు.

వెనకనుంచి ప్లేటుతో జ్ఞానరాజు గారు వచ్చారు. నన్ను కిందినుంచి పైదాకా చూశారు. ఆ చూపులో జాలి ఉంది.

"మనిషిని తిట్టడం కూడా చేతకాదా మీకు" అని, బిర్యానీలో నిమ్మకాయ పిండుకుంటూ, తర్వాతి విందుకి నన్ను కొంచెం ముందుగా రమ్మన్నారు. నేర్పుతారట.