కొట్టినవాడి అలక

మా బావ అక్కను కొట్టి, ఆ తర్వాత తనే అలిగేవాడు. గోడవైపు తిరిగి పడుకుంటే, పగిలిన పెదవిని కొంగుతో అదుముకుంటూ అక్క వెళ్లి బతిమాలాలి. వేడినీళ్లు తోడాలి, గుడ్డు కూర వండాలి. రెండు ముద్దలు తిన్నాక ఆయన అలక తీరేది. మా చుట్టాలిళ్లలో ఇది ఎవరికీ వింతగా తోచేది కాదు.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్ గుట్టల్లో కొత్త ఆఫీసుల కోసం బండలు పగలగొడుతుంటే బావ ఆ పనికి పోయేవాడు. మదీనాగూడలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. నేను మియాపూర్ నుంచి బస్సులో డిగ్రీ కాలేజీకి వెళ్లి సైకాలజీ చదివేదాన్ని. క్లాసులో ఫస్టు నేనే, ఆ పొగరు కూడా బాగానే ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అక్క జుట్టు గుప్పెడు ఊడి గచ్చు మీద పడి ఉంది. కూరలో ఉప్పు తక్కువైందట. బావ బయటికి పోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎందుకు కొడ్తడే గిట్ల? గన్ని బుక్కులు చదువుతున్నవ్ గద, జర చెప్పు" అంది అక్క.

పరీక్ష రాసినట్టే చెప్పాను. చిన్నప్పుడు వాళ్ల నాన్న ఆయన్ను గుంజకు కట్టేసి కొట్టేవాడు, ఆ కోపం లోపల అణిగి ఉండి ఇప్పుడు నీమీద బయటపడుతోంది, అలా చెప్పేవాళ్లు కొందరున్నారన్నాను.

"సచ్చిపోయిన మామను యాడికెల్లి పట్కరావాలె?" అంది.

ఉప్పు తక్కువైతే తనను లెక్కచేయడం లేదని ఆయన అనుకుంటాడు, ఆ అనుకోవడం మారాలనేవాళ్లు ఇంకొందరన్నాను.

"ఆయన తలకాయల ఏమున్నదో ఆయనకే ఎరుక లేదు."

ఇక నాకు నచ్చిన వాదం మిగిలింది. ఏ పని చేస్తే మంచి జరుగుతుందో మనిషి ఆ పనే మళ్లీ మళ్లీ చేస్తాడు. కొట్టిన ప్రతిసారీ ఆయనకు వేడినీళ్లూ గుడ్డు కూరా బతిమాలడమూ దొరుకుతున్నాయి. అవి ఆపేస్తే కొట్టడమూ ఆగుతుంది.

అక్క గచ్చు మీది జుట్టు ఏరి ఉండ చుట్టింది. "గంతేనా?" అంది.

"గంతే" అన్నాను.

అంతే కాదు. పుస్తకంలో ఆ వాదమున్న పేజీలోనే కింద ఇంకో మాట ఉంది. అలవాటైన ఫలం అందకుండా పోతే, ఆ పని తగ్గే ముందు ఒక్కసారిగా పెరుగుతుంది. దాని కింద నేను గీత కూడా గీసుకున్నాను. కానీ అక్క మొహం ఎన్నాళ్లకో వెలిగింది, నా చదువు ఇంట్లో మొదటిసారి పనికొచ్చింది. ఆ సంబరం చెడగొట్టుకోవడం ఇష్టంలేక నోరు మూసుకున్నాను.

ఆ బుధవారం బావ కొట్టి, అలిగి పడుకున్నాడు. అక్క తన కంచంలో అన్నం పెట్టుకుని తినేసింది. శుక్రవారం నడుం మీద తన్నాడు. అయినా బతిమాలలేదు. నాకు కబురు చేస్తే, గట్టిగా ఉండమని తిరిగి కబురు పంపాను. ఆదివారం పొద్దున ఆయన బండలు కొట్టే సుత్తి పిడి ఊడదీసి, దాంతో బాదాడు. అక్క ముంజేయి విరిగింది. ముందు పళ్లు రెండు పోయాయి. పక్కింటివాళ్లు తలుపు పగలగొట్టకపోతే ప్రాణమే పోయేది.

దవాఖానలో అక్క పక్కన కూర్చున్నాను. వాచిన నోటితో మెల్లగా అడిగింది.

"గిట్లైతదని నీ బుక్కుల రాసున్నదా?"

అబద్ధం చెప్పాలనిపించింది.

"ఉన్నదక్కా."

"నువ్వు చదివినవా?"

"చదివిన."

అక్క కట్టు లేని చేత్తో నా చెంప పగలగొట్టింది. తను ఎవరిమీదైనా చెయ్యి చేసుకోవడం అదే మొదటిసారి.