పక్కన పెట్టిన ట్యూబు

పరిశోధన చేసేవాళ్లకు ఒక పాడు అలవాటు ఉంది. పోల్చి చూడటానికి ఆరోగ్యవంతుల రక్తం కావాల్సివస్తే బయటెక్కడా వెతకం, ల్యాబ్‌లో పనిచేసేవాళ్లనే చెయ్యి చాపమంటాం. మా క్యాంపస్ ల్యాబ్‌లో అందరికంటే ముందు చొక్కా చెయ్యి మడిచేది అటెండర్ అన్న. లాలాగూడ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చే మనిషి, బీడీ కూడా ముట్టడు. ఆయనకేం, ఉక్కుపిండం అనేవాళ్లం.

కడుపులో పుండ్లు పుట్టించే సూక్ష్మజీవి ఒకటుంది. చాలామంది కడుపుల్లో చప్పుడు చేయకుండా కాపురం చేస్తుంది. దానివల్ల రక్తంలో కొలెస్ట్రాల్ పెరుగుతుందా, గుండెకు చేటా అన్నది నా పరిశోధన. ఔనని కొందరు, కాదని కొందరు. నాకైతే ఇప్పటికీ తేలలేదు.

అన్న రక్తంలో దాని జాడ కనిపించింది. కొలెస్ట్రాల్ కూడా ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. ట్యూబు మీద పేరుండదు, నంబరే. కానీ ఆ నంబరు వేసింది నేనే. నాకు ముందు తట్టింది, చెప్పడానికి సిగ్గేస్తోంది, నా ఫలితాలు పాడయ్యాయని. ఆరోగ్యవంతుల వరసలోంచి ఆ ట్యూబు తీసి పక్కన పెట్టాను. ఈ ఫలితాలు చెప్పాల్సిన సెమినార్ అయ్యాక ఆయనకు చెబుదాంలే అనుకున్నాను.

సెమినార్ అయిపోయింది. అన్న అరచేత్తో ఛాతీ రుద్దుకోవడం మొదలైంది. మధ్యాహ్నం తార్నాక దాకా వెళ్లి సోడా తాగి వచ్చేవాడు.

"ఏమైందన్నా?"

"గ్యాస్ మేడం, ఏం లేదు. మెట్లెక్కితే పైకి తంతది."

మెట్లెక్కితే తన్నే గ్యాస్ ఏమిటని నాకు అప్పుడే అనుమానమొచ్చింది.

"ఒకసారి డాక్టర్‌కు చూపించుకో" అన్నాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఇన్నాళ్లూ ఎందుకు దాచారని అడుగుతాడేమోనని భయం.

"చూపిస్తలే మేడం" అని నవ్వి, బీకర్లు కడగడానికి వెళ్లిపోయాడు.

సోమవారం ఆయన స్టూలు ఖాళీగా ఉంది. మధ్యాహ్నానికి ఫోన్ వచ్చింది.

ఐసీయూ బయట ఆయన భార్య నేల మీద కూర్చుని ఉంది. చాలా ఆలస్యం చేశారని డాక్టర్ కోప్పడ్డాడట. నన్ను చూడగానే లేచి నా చెయ్యి పట్టుకుంది.

"శనివారం సంది ఛాతీల నొస్తున్నదన్నడు. దవాఖానకు పోదమంటే ఇనలే మేడం. మా మేడం నా రక్తం చూసింది, ఏమన్న ఉంటే చెప్పకుంటదా అన్నడు."